కోర్ లిస్ట్ నుంచి క్లాసిక్స్ తీసేస్తే దాన్ని బ్యాన్ అనాలా? హైస్కూల్ ఇంగ్లిష్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

చదువరి:

కాలిఫోర్నియాలో మా స్కూల్ డిస్ట్రిక్ట్ బోర్డు అజెండాలో "కోర్ లిటరేచర్ జాబితా సవరణ, ఫస్ట్ రీడింగ్" అని ఒక ఐటమ్ ఉంది (కోర్ అంటే క్లాసంతా తప్పక చదివేవి, ఫస్ట్ రీడింగ్ అంటే ఓటుకి ముందు మొదటిసారి చర్చకి పెట్టడం). అటాచ్‌మెంట్ తెరిస్తే గానీ విషయం తెలియలేదు. తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ నుంచి ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’, పదకొండో తరగతి నుంచి ‘హకల్‌బెరీ ఫిన్’ తీసేస్తారట. వాటి బదులు ఏం పెడతారో ఎక్కడా రాయలేదు. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపు రెండుగా చీలిపోయింది. కొందరు "పుస్తకాలు బ్యాన్ చేస్తుంటే ఊరుకుంటామా" అంటున్నారు, ఇంకొందరు "అంత బూతు మాట ఉన్న పుస్తకం పిల్లలకెందుకు, పోతే పోనీ" అంటున్నారు.

నా ప్రశ్నలు ఇవి. దీన్ని బ్యాన్ అనొచ్చా? కోర్టుకి వెళ్తే ఆగుతుందా? పుస్తకం ఉంచి, ఇష్టంలేనివాళ్లు తమ పిల్లల్ని తప్పించుకునే వీలుందా? ఏపీ లిటరేచర్ (హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి సాహిత్యం పరీక్ష) రాసేవాళ్లకి దెబ్బ పడుతుందా? మీటింగ్‌లో మాట్లాడాల్సొస్తే ఏం మాట్లాడాలి? ఆవేశం గ్రూపులో సరిపడా ఉంది, పద్ధతి తెలిసినవాళ్లు కావాలి.

రూల్‌బుక్:

చదువరి గారూ, ముందు ఆ "బ్యాన్" అన్న మాటని కాసేపు పక్కన పెట్టండి. ఆ ఒక్క మాట కింద ఐదు రకాల పనులు నడుస్తుంటాయి. దేనికి ఏ తలుపు తట్టాలో అదీ వేరే.

ఒకటి, తప్పనిసరి జాబితా నుంచి తీసి టీచర్ ఇష్టానికి వదిలేయడం. వాషింగ్టన్ రాష్ట్రంలో మకిల్టియో డిస్ట్రిక్ట్ 2022 జనవరిలో మాకింగ్‌బర్డ్‌ని చేసింది ఇదే. అడిగింది కూడా టీచర్లే. రెండు, ఆమోదించిన జాబితాలోంచే కొట్టేయడం. అప్పుడు టీచర్‌కి ఎంత ఇష్టమున్నా క్లాసు మొత్తానికి ఆ నవల చెప్పడానికి లేదు. మూడు, లైబ్రరీ అరలోంచి తీసేయడం. నాలుగు, రాష్ట్ర చట్టం వచ్చి డిస్ట్రిక్ట్ చేతులు కట్టేయడం. ఫ్లోరిడాలో 2023లో చేసిన హెచ్‌బీ 1069 ఇలాంటిదే: లైంగిక వర్ణన ఉందని అభ్యంతరం వస్తే 5 స్కూలు రోజుల్లోపు పుస్తకాన్ని పక్కన పెట్టి, విషయం తేలేదాకా పిల్లలకి ఇవ్వకూడదని అందులో రాశారు.

ఐదోదానికి పేరు లేదు. ఎవరూ ఓటు వేయరు, ఎక్కడా కాగితం ఉండదు. "ఈ ఏడాదికి వద్దులే, తలనొప్పి" అని డిపార్ట్‌మెంట్‌లో ఒక మాట అనుకుంటారు. ఐదు సెక్షన్లు, సెక్షన్‌కి 32 మంది అంటే 160 కాపీలు కావాలి. అట్టలూడిపోయినవాటి బదులు కొత్తవి కొనరు. రెండు మూడేళ్లకి 160 కాస్తా 90 అవుతాయి, ఆ తర్వాత "కాపీలు చాలవు" అన్నదే కారణమైపోతుంది. క్లాసిక్స్‌కి అసలు గండం ఇదేనని నా అభిప్రాయం. మీ బోర్డు కనీసం అజెండాలో పెట్టింది, అందుకు సంతోషించండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఆ అటాచ్‌మెంట్‌లో క్రియాపదం వెతకడం. "కోర్ నుంచి తొలగింపు" అని ఉందా, "సప్లిమెంటల్‌కి మార్పు" (అంటే టీచర్ కావాలంటే వాడుకునే అదనపు పుస్తకం) అని ఉందా, "ఆమోదిత జాబితా నుంచి తొలగింపు" అని ఉందా? మొదటి రెండయితే పుస్తకం బతికే ఉంటుంది. మూడోదయితే క్లాసురూములో దాని కథ అయిపోయినట్టే.

తర్వాత డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో బోర్డు పాలసీలు తెరవండి. కాలిఫోర్నియాలో చాలా డిస్ట్రిక్టులు ఒకే నంబర్లు వాడతాయి. బీపీ అంటే బోర్డు పాలసీ: బీపీ 6161.1 పాఠ్యసామగ్రి ఎంపిక గురించి, బీపీ 1312.2 పాఠ్యసామగ్రి మీద ఫిర్యాదుల గురించి. రెండోదాంట్లో వరస మామూలుగా ఇలా ఉంటుంది: ముందు ప్రిన్సిపాల్‌తో మాట, అక్కడ తేలకపోతే రాతపూర్వక ఫారం, ఆ తర్వాత రివ్యూ కమిటీ, కమిటీ సిఫారసు మీద సూపరింటెండెంట్ నిర్ణయం, దాని మీద బోర్డుకి అప్పీలు. ఫారంలో పుస్తకం పూర్తిగా చదివారా, అభ్యంతరం ఏ పేజీలో ఉంది, బదులు ఏం సూచిస్తారు అని అడుగుతారు. రివ్యూ నడుస్తున్నంత కాలం పుస్తకం క్లాసులో ఉండాలా, ఆపాలా అన్నది ఆ పాలసీలో ప్రత్యేకంగా చూడండి. చాలా గొడవలు చెడేది అక్కడే.

బర్బాంక్‌లో 2020లో అదే జరిగింది. మాకింగ్‌బర్డ్, హకల్‌బెరీ ఫిన్, ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’, ‘ది కే’, ‘రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై’ — ఐదు పుస్తకాల మీద ఫిర్యాదులొచ్చాయి. రివ్యూ తేలకముందే బోధన ఆపించారు. ఆపాక వాదన పుస్తకం మీద కాకుండా ఆపడం మీదకి మళ్లింది. చివరికి వాటిని కోర్ జాబితా నుంచి తీసేశారు.

మీ కేసులో అసలు ఫిర్యాదు ఉందా, లేక సిబ్బంది ప్రతిపాదనా? పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద మూడు కాగితాలు అడగండి: దాఖలైన ఫారాలు, కమిటీ మినిట్స్, ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్ సిఫారసు. డిస్ట్రిక్ట్ 10 రోజుల్లో జవాబు చెప్పాలి, కారణం చూపించి ఇంకో 14 రోజులు తీసుకోవచ్చు. "ఈ పుస్తకాల గురించి ఉన్నవన్నీ" అని అడిగితే మాత్రం వాయిదా వేయడానికి మీరే సాకు ఇచ్చినట్టు.

ఎర్రసిరా:

"అంత బూతు మాట" అన్నదగ్గర ఒక్క నిమిషం. అది బూతు కాదు. బూతుకీ, కులం పేరు పెట్టి తిట్టే తిట్టుకీ ఉన్న తేడా మన భాషలో అందరికీ తెలుసు. ఇది ఆ రెండో రకం, నల్లజాతివాళ్లని కించపరిచే తిట్టు. హకల్‌బెరీ ఫిన్‌లో అది 200 సార్లకి పైగా వస్తుంది. ముప్పై మందిలో నల్లజాతి విద్యార్థి ఒక్కరే ఉన్న క్లాసులో పక్కవాడు దాన్ని పైకి చదివితే తలలన్నీ ఒకేసారి అటు తిరుగుతాయి. ఫిర్యాదులు చాలావరకు పుట్టేది ఆ క్షణంలోనే. కాబట్టి పుస్తకం ఉండాలా వద్దా అనే ముందు, దాన్ని ఎలా చెబుతున్నారో అడగండి.

చెప్పే పద్ధతి ఉంటే ఇవి కనిపించాలి. మొదలుపెట్టడానికి రెండు వారాల ముందు ఇంటికి ఉత్తరం. అందులో ఆ మాట ఉందన్న సంగతి, ఎందుకు చదువుతున్నారో, క్లాసులో దాన్ని ఎవరూ పైకి అనరన్న నియమం. మొదటి పీరియడ్ నవలకి కాదు, ఆ మాట చరిత్రకి. వరసగా లేపి చదివించడం ఈ పుస్తకానికి పనికిరాదు. టీచర్ చదివినా ఆ మాట దగ్గర ఆగి దాటాలి. వ్యాసాల్లో ఉటంకించేటప్పుడు ఎలా రాయాలో ముందే బోర్డు మీద రాసి పెట్టాలి. ఇంకా రెండు చోట్ల జారతారు. ఆడియో పుస్తకం పెడితే అది మొహమాటం లేకుండా ఆ మాట పలికేస్తుంది. సబ్‌స్టిట్యూట్ టీచర్ వచ్చిన రోజున ఈ అధ్యాయాలు చదివించకూడదు, ఆ టీచర్‌కి ఈ నియమాలేవీ తెలియవు.

మరి ఆ మాటని మార్చేస్తే సరిపోదా అంటారు. 2011లో అలబామా ప్రచురణకర్త ఒకరు ఆ పని చేశారు, అంతటా ‘బానిస’ అని పెట్టారు. ఆరో అధ్యాయంలో హక్ (కథ చెప్పే తెల్ల కుర్రాడు) తండ్రి, తాగుబోతు, ఒహాయో నుంచి వచ్చిన ఒక నల్లజాతి కాలేజీ ప్రొఫెసర్ని చూసి రగిలిపోతాడు. ఆ ప్రొఫెసర్ బానిస కాదు, స్వతంత్రుడు. సొంత రాష్ట్రంలో ఓటు కూడా ఉంది. తండ్రి కడుపుమంట అంతా అందుకే. అక్కడ ‘బానిస’ అని పెడితే దృశ్యానికి అర్థమే ఉండదు.

ఇంకొకటి దగ్గరగా చూడండి. 31వ అధ్యాయంలో హక్, తనతో పాటు పారిపోయిన బానిస జిమ్‌ని పట్టించే ఉత్తరం రాసి, చించేసి, నరకానికి పోతే పోతానని తేల్చుకుంటాడు. పేజీ తిప్పితే 32. శాలీ పిన్ని ఆలస్యం ఎందుకైందని అడుగుతుంది. స్టీమర్‌లో సిలిండర్ హెడ్ పేలిందని హక్ అబద్ధం చెబుతాడు. ఎవరికైనా దెబ్బ తగిలిందా అంటుందామె. లేదండీ, ఒక ఫలానావాడు చచ్చాడంతే అంటాడు, ఆ మాటే వాడి. పోనీలే, అదృష్టం, ఒక్కోసారి మనుషులకి కూడా దెబ్బ తగులుతుంది అంటుంది ఆ మంచి పిన్ని. ఒక నల్లమనిషి కోసం నరకానికి సిద్ధపడ్డ కుర్రాడు ఈ మాట అన్నాడంటే, ఆమెని నమ్మించడానికా, లేక ఆ మాట వాడిలో ఇంకా అలాగే ఉందా? పదహారేళ్లవాళ్లు దీని మీద ఒక పీరియడంతా కొట్లాడుకోగలరు. ఈ రెండు అధ్యాయాల మధ్య ఉన్న గోతిని చూపించలేని టీచర్ ఈ పుస్తకం చెప్పకపోవడమే మంచిది.

33 నుంచి చివరిదాకా ఉన్న అధ్యాయాలు మాత్రం నిజంగా ఇబ్బందే. హక్ స్నేహితుడు టామ్ సాయర్ తిరిగొచ్చి జిమ్‌ని తప్పించడాన్ని ఆటలా మారుస్తాడు. జిమ్‌కి అప్పటికే వీలునామాలో స్వేచ్ఛ వచ్చిందన్న సంగతి తెలిసి కూడా ఆడిస్తాడు. టైము చాలక చాలామంది అక్కడ సారాంశంతో దాటేస్తారు. అది తప్పు. పుస్తకం జిమ్‌ని బొమ్మలా చేసిందన్న ఆరోపణకి బలం అక్కడే ఉంది, దాన్ని క్లాసులోనే ఎదుర్కోవాలి.

ఎదురుమాట:

తీసేయడం అంటేనే తప్పు అన్నట్టు నడుస్తోంది చర్చ. లెక్క వేయండి. స్కూలు ఏడాది 180 రోజులు. ఒక పెద్ద నవలకి 4 నుంచి 6 వారాలు. పరీక్షలు, వ్యాసరచన, కవిత్వం పోగా ఏడాదికి నాలుగైదు పెద్ద రచనలకి చోటుంటుంది. ప్రతి "ఉంచండి" వెనక ఇంకో పుస్తకానికి "వద్దు" ఉంటుంది, అది ఎవరికీ వినపడదు అంతే.

మాకింగ్‌బర్డ్ తొమ్మిదో తరగతిలో జాతి గురించి చదివే ఒకే ఒక్క పుస్తకమైతే నాకు అభ్యంతరం ఉంది. 31 అధ్యాయాల్లో కోర్టు విచారణ 17 నుంచి 21 దాకా. చేయని నేరం మీద పడ్డ నల్లమనిషి టామ్ రాబిన్సన్ తన గొంతుతో మాట్లాడేది 19వ అధ్యాయంలో. అతని చావు 24లో, అదీ ఇంటికొచ్చిన లాయరు ఆటికస్ నోట వింటాం. ఒంట్లో 17 తూటాలని వంటగదిలో చెప్తాడు, కాసేపటికి ముందు గదిలో టీ పార్టీ మళ్లీ సాగుతుంది. రచయిత్రి ఆ వ్యంగ్యం తెలిసే రాసింది. కానీ క్లాసులో మిగిలేది "ఆటికస్ ఎంత గొప్పవాడో" అన్న పోస్టర్. అన్యాయం అనుభవించినవాడి మనసులో ఏముందో పిల్లలకి తెలియకుండానే యూనిట్ అయిపోతుంది. పక్కన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసిన ఆత్మకథో, ‘ఎ రెయిసిన్ ఇన్ ది సన్’ నాటకమో పెడితే ఉంచడానికి అర్థముంది. రెండోదానికి చోటు లేదంటే ఒకటి మార్చడమే నయం.

లెస్టర్ అషైమ్ అనే లైబ్రరీ పండితుడు 1953లో దీన్ని తేల్చేశాడు. ఎంచేవాడు పుస్తకాన్ని ఉంచడానికి కారణాలు వెతుకుతాడు, నిషేధించేవాడు తీసేయడానికి కారణాలు వెతుకుతాడు. మీ బోర్డు ఏ పని చేస్తోందో చూడండి.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. "ఆ మాట ఉంటే తీసేద్దాం" అనేది మొద్దు కత్తి. పైన చెప్పిన బర్బాంక్ ఐదింట్లో ‘రోల్ ఆఫ్ థండర్’ రాసింది నల్లజాతి రచయిత్రి. ఆ మాటని తమ బతుకులోంచి రాసినవాళ్లు కూడా అదే కత్తికి బలైపోతారు.

రూల్‌బుక్:

ఎదురుమాట గారు చెప్పినదాంతోనే చదువరి గారి ప్రతిపాదనకి పరీక్ష దొరికింది. బదులు పెట్టే పుస్తకం గడి ఖాళీగా ఉంది. కొత్తది పెట్టడానికి పాతది తీస్తే అది ఎంపిక. ఖాళీ గడి పెట్టి ఓటు వేస్తే అది తొలగింపు, ఆ గడిలోకి తర్వాత ఏదొస్తుందో బోర్డు చూడదు కూడా. మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

లాపాయింట్:

కోర్టు గురించి. ఆశ పెట్టుకోకండి.

అందరూ ఎత్తే కేసు 1982 నాటి పికో. న్యూయార్క్‌లో ఐలండ్ ట్రీస్ బోర్డు 1976లో కొన్ని పుస్తకాలు తీసేసింది, రిచర్డ్ రైట్ ‘బ్లాక్ బాయ్’ కూడా అందులో ఉంది. అందులోని భావాలు నచ్చలేదన్న కారణంతో స్కూలు లైబ్రరీ నుంచి పుస్తకాలు తీయకూడదని సుప్రీంకోర్టు అంది. కానీ దాంట్లో రెండు లొసుగులు. ఆ అభిప్రాయానికి పూర్తి మెజారిటీ లేదు. పైగా అది లైబ్రరీ గురించే, సిలబస్ గురించి కాదని ఆ తీర్పులోనే ఉంది. 2025 మేలో ఐదో సర్క్యూట్, అంటే టెక్సస్, లూయిజియానా, మిసిసిపీలకి ఉన్న ఫెడరల్ అప్పీలు కోర్టు, ఒక పబ్లిక్ లైబ్రరీ కేసులో పికోని పాటించనక్కర్లేదనేసింది.

సిలబస్‌కి వర్తించేది 1988 నాటి హేజల్‌వుడ్. స్కూలు తన పేరు మీద చెప్పేదాన్ని బోధనకి సంబంధించిన సబబైన కారణం చూపి కత్తిరించుకోవచ్చు. దాన్ని పట్టుకునే 1989లో పదకొండో సర్క్యూట్ ఫ్లోరిడాలోని కొలంబియా కౌంటీ బోర్డుని సమర్థించింది. ఆ బోర్డు ఒక హ్యుమానిటీస్ పాఠ్యపుస్తకాన్ని మొత్తంగా పక్కన పెట్టింది. కారణం అందులోని ‘లైసిస్ట్రాటా’ నాటకం, చాసర్ ‘మిల్లర్స్ టేల్’. జడ్జీలకి బోర్డు నిర్ణయం నచ్చలేదు, ఆ సంగతి తీర్పులోనే రాశారు, అయినా ఆపలేదు. సిలబస్ నుంచి క్లాసిక్ తీయడం చాలావరకు చట్టబద్ధమే అన్నది చేదు నిజం.

రెండోవైపు నుంచి వచ్చేవాళ్లకీ కోర్టు తలుపు సగమే తెరుచుకుంటుంది. 1998లో అరిజోనాలోని టెంపీ కేసు. హకల్‌బెరీ ఫిన్ తీసేయమని ఒక తల్లి వెళ్లింది. సాహిత్యాన్ని సిలబస్ నుంచి తీయించడానికి దావా కుదరదని తొమ్మిదో సర్క్యూట్ అంది. అయితే తోటి పిల్లలు ఆ మాటతో వేధిస్తుంటే తెలిసీ స్కూలు ఊరుకుందన్న ఆరోపణ మీద కేసు నడవొచ్చని కూడా అంది. కాలిఫోర్నియా ఆ సర్క్యూట్ కిందే ఉంది. అంటే పుస్తకం చెప్పడం తప్పు కాదు, చెప్పాక వరండాలో జరిగేదాన్ని పట్టించుకోకపోవడం తప్పు. ఎర్రసిరా గారు చెప్పిన నియమాలకి చట్టపరమైన విలువ కూడా ఉందన్నమాట.

కాలిఫోర్నియాలో 2023లో ఏబీ 1078 వచ్చింది. జాతి, లింగం వంటి కారణాల వల్ల వివక్ష అయ్యేలా పుస్తకాలు ఆపే బోర్డులకి అది కళ్లెం. జాతి దూషణ వల్ల నొప్పి కలుగుతోందని తీసేసే మీ బోర్డు మీద దాన్ని వాడటం కష్టం. చట్టం రాసింది ఎదుటి దిక్కు చూసి.

చదువరి:

చాలా సాయం అయింది, అందరికీ థాంక్స్. అటాచ్‌మెంట్‌లో మాట "సప్లిమెంటల్‌కి మార్పు", రెండు పుస్తకాలకీ. బదులు గడి ఖాళీ. ఫిర్యాదు ఫారాల ప్రస్తావన లేదు. తప్పించుకునే వీలు, ఏపీ సంగతి, మీటింగ్‌లో మాట్లాడటం ఇంకా మిగిలాయి.

ఎర్రసిరా:

తప్పించుకోవడం చాలా డిస్ట్రిక్టుల్లో ఇప్పటికే ఉంది. మిసిసిపీలోని బిలాక్సీలో 2017లో మాకింగ్‌బర్డ్‌ని ఎనిమిదో తరగతి పాఠాల్లోంచి ఆపి, గోల అయ్యాక తల్లిదండ్రుల సంతకం తెచ్చినవాళ్లకి చెప్పారు. అక్కడ ఒక సూక్ష్మం గమనించండి. "వద్దన్నవాళ్లు సంతకం పెట్టండి" అంటే క్లాసు చదువుతుంది. "కావాలన్నవాళ్లు సంతకం పెట్టండి" అంటే కాగితం బ్యాగు అడుగున మర్చిపోయిన పిల్లలందరూ బయటే ఉంటారు, వాళ్ల ఇళ్లలో అభ్యంతరం ఏమీ లేకపోయినా. మీ పాలసీలో ఏ దిక్కున రాశారో చూడండి.

బదులు పుస్తకం ఇచ్చేటప్పుడు చేసే పొరపాటు పేజీలు తక్కువున్నది ఇవ్వడం. యూనిట్ లక్ష్యం "నమ్మలేని కథకుడు" అయితే బదులు నవలకీ అలాంటి కథకుడు ఉండాలి. లేకపోతే చివరి వ్యాసం ప్రశ్న ఆ పిల్లకి వర్తించదు, గ్రేడు ఇవ్వడానికి కొలత ఉండదు. రెండో పొరపాటు, ఐదు వారాలు లైబ్రరీలో ఒంటరిగా కూర్చోబెట్టడం. చర్చ మార్కులు ఎక్కడినుంచి వస్తాయి? ముగ్గురు నలుగురు బయటికొచ్చినా వాళ్లందరికీ ఒకే బదులు పుస్తకం ఇచ్చి, వారానికి రెండు రోజులు చిన్న గుంపుగా కూర్చోబెడితే నడుస్తుంది.

లాపాయింట్:

దీనికి ఒక తోక. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు మేరీల్యాండ్ కేసులో, మతవిశ్వాసం కారణంగా అభ్యంతరం ఉన్న తల్లిదండ్రులకి ముందుగా చెప్పి పిల్లల్ని తప్పించుకోనివ్వాలని 6–3తో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ కేసులోని పుస్తకాలు చిన్నపిల్లల బొమ్మల కథలు. అయినా డిస్ట్రిక్టులు ఇప్పుడు హైస్కూల్ నవలలకీ నోటీసు విషయంలో జాగ్రత్త పడుతున్నాయి. నోటీసు ఉత్తరం రాసేటప్పుడు పుస్తకం పేరు, తేదీలు, బదులు పుస్తకం పేరు మూడూ ఉండాలి.

లైబ్రరీమెట్లు:

ఏపీ విషయంలో కంగారక్కర్లేదు. ఏపీ లిటరేచర్‌కి తప్పనిసరి పుస్తకాల జాబితా లేదు. 55 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలకి ఒక గంట, మూడు వ్యాసాలకి రెండు గంటలు. మూడో వ్యాసంలో మాత్రమే విద్యార్థి తనకి తెలిసిన రచనని ఎంచుకుని రాస్తాడు. ప్రశ్న కింద ఇచ్చే పేర్లు సూచనలే, సాహిత్య విలువున్న వేరే రచన మీద రాయొచ్చు. దెబ్బ పడేది పూర్తి పుస్తకాలు చదవడమే తగ్గినప్పుడు. నాలుగైదు రచనలు బాగా తెలిసినవాళ్లు ఏ ప్రశ్నకైనా ఒకటి పట్టుకోగలరు. ముక్కలు చదివినవాళ్లకి మూడో వ్యాసం దగ్గర చేతిలో ఏమీ ఉండదు.

ఆ ముక్కల సంగతే అసలు చెప్పాలనుకున్నది. బోర్డులో ఎవరూ "తీసేయండి" అనరు, "ఎంపిక చేసిన భాగాలు చదివిద్దాం" అంటారు. కాలేజీ ప్రవేశాలకి రాసే శాట్ పరీక్ష కూడా అటే నెట్టింది: 2024 నుంచి డిజిటల్ పరీక్షలో ఒక్కో పాసేజ్ 25 నుంచి 150 పదాలే. పైన చెప్పిన 31, 32 అధ్యాయాలే చూడండి. 31లో ఉత్తరం చించేసే భాగం ఒక్కటే పాఠ్యపుస్తకంలో వేస్తే హక్ మంచి కుర్రాడు, కథ కంచికి. 32 కనబడదు కదా.

కోసేసిన ప్రతుల గురించి కూడా. 1807లో బౌడ్లర్ కుటుంబం ఇంట్లో చదవదగ్గ షేక్‌స్పియర్ అని కోసి అచ్చేసిన రోజు నుంచీ ఈ అలవాటు ఉంది. అమెరికన్ పాఠ్యపుస్తకాల్లో ‘రోమియో అండ్ జూలియెట్’ నుంచి వందల లైన్లు తీసేసి, ఆ ముక్క చెప్పకుండా అచ్చేసిన కాలం ఒకటుంది. పుస్తకాలు తగలబెట్టడం గురించిన ‘ఫారెన్‌హీట్ 451’కే 1967లో స్కూళ్ల ప్రతి అని తిట్లు, ‘అబార్షన్’ వంటి మాటలు మార్చి అమ్మారు. రచయితకి చెప్పనేలేదు. విద్యార్థులు ఉత్తరాలు రాస్తే తెలిసింది! మీ పిల్లల పాఠ్యపుస్తకంలో నాటకం పూర్తిగా ఉందో లేదో చూడాలంటే మొదటి అంకం మొదటి దృశ్యం తెరవండి. శాంసన్, గ్రెగరీ గోడ దగ్గర పనిమనుషుల గురించి చేసే మోటు హాస్యం ఉందా? ఫోల్జర్ లైబ్రరీ సైటులో పూర్తి పాఠం లైన్ నంబర్లతో ఉచితంగా ఉంది, పక్కన పెట్టి సరిచూడండి. నంబర్లని నమ్మకండి, కోసినవాళ్లు నంబర్లు కూడా సర్దేస్తారు.

"సప్లిమెంటల్" అన్నారు కాబట్టి ఇంకో ప్రశ్న వేయండి: కాపీలు ఎవరు కొంటారు? చాలాచోట్ల కోర్ పుస్తకాలకి బడ్జెట్ ఉంటుంది, సప్లిమెంటల్‌కి ఉండదు. హకల్‌బెరీ ఫిన్ మీద కాపీరైట్ ఎప్పుడో పోయింది, ప్రింటు తీసుకున్నా అడిగేవాళ్లు లేరు. మాకింగ్‌బర్డ్ 1960 నాటిది, 2055 చివరిదాకా కాపీరైట్ ఉంటుంది. దానికి డబ్బు కావాలి.

రూల్‌బుక్:

మీటింగ్ గురించి. రెగ్యులర్ మీటింగ్ అజెండా కాలిఫోర్నియాలో 72 గంటల ముందు పెట్టాలి. మాట్లాడటానికి మామూలుగా 3 నిమిషాలు, జనం ఎక్కువైతే రెండుకి, ఒకటికి కూడా తగ్గిస్తారు. అనువాదకుడి సాయంతో మాట్లాడేవాళ్లకి కనీసం రెట్టింపు టైము ఇవ్వాలని రాష్ట్ర చట్టం. పెద్దవాళ్లెవరైనా తెలుగులో చెప్పాలనుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి, ముందు రోజు క్లర్క్‌కి ఈమెయిల్ చేయండి.

మూడు నిమిషాలంటే ఇంగ్లిష్‌లో 350 నుంచి 400 పదాలు. ఒక నిమిషంలో ముగించే రెండో వెర్షన్ కూడా జేబులో ఉంచుకోండి. ఐటమ్ నంబరుతో మొదలుపెట్టండి. సాహిత్యం గొప్పదనం గురించి ఒక్క వాక్యం చాలు, బోర్డు సభ్యులకి అది వందోసారి. మిగతాదంతా అడగడమే. గడి ఎందుకు ఖాళీగా ఉంది? డిపార్ట్‌మెంట్ ఏం సిఫారసు చేసింది? సప్లిమెంటల్ కాపీలకి డబ్బు ఎక్కడిది? ఫారం లేకుండా ఇది ఏ పాలసీ కింద వచ్చింది? చివర ఒక నిర్దిష్టమైన కోరిక: "బదులు పుస్తకాల పేర్లు జతచేసేదాకా సెకండ్ రీడింగ్ వాయిదా వేయండి." వాయిదాకి ఓటు వేయడం సభ్యుడికి సులభం, "వద్దు" అనడం కష్టం.

గ్రూపులో రెండు పక్షాలవాళ్లూ ఈ నాలుగు ప్రశ్నలకీ సంతకం పెట్టగలరు, అది మీకు బలం. ఇరవై మంది ఒకే ఉత్తరాన్ని కాపీ చేసి పంపితే ఒకటిగా లెక్కేస్తారు, కాబట్టి ఎవరి మాటల్లో వాళ్లు రాయాలి. ఉత్తరాలు బోర్డు సభ్యులకి విడివిడిగా పంపండి. అందరినీ ఒకే ఈమెయిల్‌లో పెట్టి "మీరందరూ చర్చించి చెప్పండి" అంటే, వాళ్లు రిప్లై ఆల్ కొట్టుకోవడం ఓపెన్ మీటింగ్ చట్టానికి విరుద్ధం అవుతుంది, అందుకని అసలు జవాబే ఇవ్వరు.

ఆ రికార్డుల అభ్యర్థన ఈరోజే పంపేయండి. ఫస్ట్ రీడింగ్‌కీ సెకండ్ రీడింగ్‌కీ మధ్య రెండు మూడు వారాలే ఉంటాయి, పది రోజులు అందులోంచే పోవాలి.

చదువరి:

ఇప్పుడే పంపాను. మూడు కాగితాలే అడిగాను.